సతీర్థ్యపరిహాసము: బడి విడుచు సహాధ్యాయుల హాస్యచిత్రణము

పాఠశాలను విడిచిపోవు విద్యార్థులను గూర్చి తోడివారు నవ్వుచు చెప్పుకొను మాటలకు శాస్త్రగౌరవము లేదని సామాన్యముగా తలపబడుచున్నది. అయినను అట్టి మాటలను పాణిని సూత్రించినాడు, పతంజలి వివరించినాడు, భవభూతి రంగముపై నిలిపినాడు. ఆంగ్లపాఠశాలలు వెలసిన పిమ్మట, ఇరువదవ శతాబ్ది తొలిదశలలో, తెలుగు రచయితలు వానికి నాటకమునందును, నవలయందును, స్వీయచరిత్రయందును చోటిచ్చిరి. తోడివానిని నవ్వుట యను పని ఈ సంప్రదాయమున రెండు విధములుగా సాగినది. ఒకటి క్షేపము, రెండవది పరిహాసము. పైకి రెండును ఒక్కటిగానే వినబడును. ఫలమున మిక్కిలి భిన్నములు. ఆ భేదము దేనియందున్నదో నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

1. పదార్థవిచారము

సహాధ్యాయిని తెలుపు శబ్దములలో ‘సతీర్థ్య’ శబ్దము విశిష్టమైనది. ఇచట తీర్థమనగా గురువు. సమానమైన తీర్థమునందు వసించువాడు సతీర్థ్యుడని అష్టాధ్యాయి (4.4.107). సమానశబ్దమునకు ‘స’ యను ఆదేశమును వేఱొక సూత్రము (6.3.87) విధించుచున్నది. కాబట్టి ఈ పదమునందు సమానత్వము ప్రకృతిలోనే యిమిడియున్నది. ధనము, కులము, ప్రజ్ఞ అను మూటి వలన గలుగు హెచ్చుతగ్గులు గురుసన్నిధిలో కొంతకాలము మఱుగుపడును. బడి విడుచు దినమున అవి మరల తలయెత్తును. ఒకడు పరీక్షలో నెగ్గును, ఒకడు తప్పును. ఒకడు పై చదువునకు పోవును, మఱియొకడు పొలమునకో కొలువునకో పోవును. సమానులుగా ఒకరినొకరు నవ్వగలిగిన కడపటి దినమదియే. కనుకనే ఆ దినమున హాస్యచిత్రణము పుట్టుట సహజము.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున అమెరికాదేశపు ఉన్నతపాఠశాలలలో తుది తరగతివారి ఛాయాచిత్రములతో వార్షికసంచికలు ప్రకటించు ఆచారము వ్యాపించినది. ఒక్కొక్క చిత్రము క్రింద వాని ముద్దుపేరు, ఒక చమత్కారవాక్యము ఉండెడివి. పెద్దవాడై యేమగునో యను వేళాకోళపు జోస్యమును కొన్నింట చేర్చెడివారు. మదరాసు రాజధానిలో 1910 ప్రాంతమున మెట్రిక్యులేషనుకు బదులుగా స్కూలు ఫైనలు పద్ధతి వచ్చినది. ఆ తరగతి దాటిన విద్యార్థుల పత్రములలో పేరు, పుట్టిన తేది, మార్కులు, గుర్తుపట్టుటకై పుట్టుమచ్చలు చిరకాలము వ్రాయబడినవి. ప్రభుత్వమునకు కనబడిన విద్యార్థి మార్కులును మచ్చలును గలవాడు. ప్రక్కన గూర్చున్నవానికి కనబడిన విద్యార్థి వేఱు: ఎవని చల్ది ఎవడు తినెను, పాఠము రానప్పుడు ఎవడు ఎవని వెనుక దాగెను, దేనికి భయపడెను అనునవి వానికే తెలియును. ఈ రెండవ చిత్రమును భద్రపఱచినది మన వాఙ్మయము.

2. వ్యాకరణమున క్షేపపదములు

పాణిని ఈ విషయమును ముఖ్యముగా నాలుగు తావుల స్పృశించినాడు. మొదటిది ఖట్వాశబ్దమును గూర్చిన సూత్రము (2.1.26). బ్రహ్మచారికి నేలపడక విధి. చదువు ముగించి, స్నాతకుడై, గురువుల యనుజ్ఞ గొన్న పిమ్మటనే మంచమెక్కవలెను. నడుమనే ఎక్కినవాడు ‘ఖట్వారూఢుడు’ అని భాష్యకారుడు వివరించెను. రానురాను మంచముతో నిమిత్తము లేకయే ఆ పదము దారితప్పిన వానికెల్ల రూఢమైనది. తెలుగున ‘వానకాలపు చదువు’ అను మాట దీనికి చేరువ చుట్టము.

రెండవది ధ్వాంక్షశబ్దమును గూర్చినది (2.1.42). తీర్థమున వ్రాలిన కాకి చిరకాలము నిలువదు. అట్లే గురుకులమునకు పోయి నాలుగునాళ్ళకే లేచిపోవువాడు ‘తీర్థకాకము’. తీర్థశబ్దమునకు రేవు, గురువు అను రెండర్థములుండుట చేత ఈ పదమున శ్లేష చక్కగా కుదిరినది.

మూడవది పాత్రేసమితాది గణము (2.1.48). ఇది యొక చిన్న చిత్రశాల. భోజనపాత్ర వద్ద మాత్రమే హాజరగువాడు పాత్రేసమితుడు. ‘తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు’ అని తెలుగువారు వానినే యందురు. ఇంటిలోనే శౌర్యము చూపువాడు గేహేశూరుడు. మన ఉత్తరకుమారుడు వీనికి తోడు. నూతిలోని కప్ప కూపమండూకము. మేడిపండు లోపలి పురుగు ఉదుంబరకృమి. దానికి ఆ పండే ప్రపంచము. ఈ పదములు విద్యార్థుల కొఱకే పుట్టినవి కాకపోయినను, ఏ తరగతి గదిలో చూచినను వీనికి తగిన ముఖము లొకటిరెండు దొరకకపోవు.

నాల్గవది స్వరప్రకరణములోనిది (6.2.69). గోత్రవాచకములు, అంతేవాసివాచకములు మున్నగునవి ఉత్తరపదములుగా నున్నప్పుడు, క్షేపము తోచినచో, పూర్వపదము ఆద్యుదాత్తమగును. కాశికాకారు లిచ్చిన ఉదాహరణములు మిక్కిలి ప్రసిద్ధములు: ఓదనపాణినీయులు, ఘృతరౌఢీయులు, కంబలచారాయణీయులు. అన్నము కొఱకు పాణినీయము చదువువారు మొదటివారు. నేతి కొఱకు రౌఢి శాస్త్రమును, కంబళి కొఱకు చారాయణుని శాస్త్రమును ఆశ్రయించినవారు తక్కినవారు. ఇచట స్వరమును గమనింపవలెను. పలుకువాని గొంతు పాణినిపేరుపై లేవదు, అన్నముపై లేచును. ఎగతాళి యంతయు ఆ మొదటి యక్షరముననే యున్నది.

నవ్వు పుట్టించు పదమే యైనను ఈ ‘ఓదనపాణినీయుడు’ ఎవడని విచారించినచో నవ్వు కొంత తగ్గును. ఆకలిగొన్న పిల్లవాడు అన్నముతో పాటు శాస్త్రమును లభించు చోటికి వచ్చినాడు. వాని లోపము ఆకలి. శాస్త్రకారులు లోకములోని పలుకుబడిని ఉన్నదున్నట్లు లెక్కించిరేకాని దానిని మెచ్చుకొనలేదు. క్షేపమని పేరుపెట్టుటయే అందులకు సాక్ష్యము.

3. కావ్యేతిహాసములందు సతీర్థ్యులు

నిరుపేద సతీర్థ్యుని గూర్చి మన పురాణేతిహాసములు రెండు కథలు చెప్పినవి. ద్రోణుడును ద్రుపదుడును భరద్వాజాశ్రమమున కలసి చదివిరి. ద్రుపదుడు రాజైన పిమ్మట ద్రోణుడు పాతచెలిమిని తలచుకొని పోగా, ధనవంతునకును దరిద్రునకును సఖ్యమెక్కడిదని రాజు ఆక్షేపించెను. ఆ ఒక్క క్షేపము తరములదాక మండినది. ఇద్దఱి చావుకును దారితీసినది. సాందీపని వద్ద కృష్ణునితో చదివిన కుచేలుని కథ రెండవది. చిరిగిన బట్ట కలవాడని ఆ పేరునకర్థము, పేదఱికమే పేరైనది. కృష్ణుడు వానిని తల్పముపై కూర్చుండబెట్టి, గురుపత్ని పంపగా కట్టెలకు పోయి వానలో చిక్కుకొన్న నాటి మాటలు ముచ్చటించి, నాకేమి తెచ్చితివని నవ్వుచు కొంగున దాచిన అటుకులను లాగికొనెను. నవ్వుటకు హేతువు రెండుచోట్లను ఒక్కటియే: తోడివాని లేమి. ద్రుపదుడు ఆ లేమిని తనకు దూరమని చూపినాడు. కృష్ణుడు అదే వానలో తానును తడిసితినని ముందుగా చెప్పి, పిమ్మట నవ్వినాడు.

నాటకములలో భవభూతి చిత్రణము సాటిలేనిది. ఉత్తరరామచరితము నాల్గవ యంకమున సౌధాతకి, దండాయనుడు అను వాల్మీకిశిష్యులు కనబడుదురు. పెద్దలు వచ్చినందున అనధ్యాయము దొరకెనని సౌధాతకికి సంతోషము. వచ్చినవాడు వసిష్ఠుడని తెలిసిన పిమ్మట, పులియో తోడేలో యనుకొంటినని వాడు పలుకును. దండాయనుడు శాస్త్రవిధి చెప్పి సరిదిద్దును. సెలవు కొఱకు కాచుకొన్నవాడును, నియమము వల్లించువాడును ప్రక్కప్రక్కన నిలుచుటయే ఆ సన్నివేశమునకు ప్రాణము.

అదే నాటకమున రెండవ యంకములో మఱియొక సహాధ్యాయిని కలదు. ఆమె ఆత్రేయి. కుశలవులతో కలసి చదువలేక వాల్మీకి యాశ్రమమును విడిచి, వేదాంతము నేర్చుటకు అగస్త్యాశ్రమదిశగా పోవుచున్నది. కుశలవుల ప్రజ్ఞాతిశయము తనకు విఘ్నమైనదని తానే చెప్పుకొనును. గురువు మందునకును ప్రాజ్ఞునకును విద్యను సమముగానే యిచ్చును. ఫలము మాత్రము సమముగా నుండదు. వైయాకరణుల లెక్కలో ఆత్రేయి తీర్థకాకమే కావలెను. భవభూతి ఆమెనట్లు పిలువలేదు. బడి విడిచినవారి పక్షమున సంస్కృతవాఙ్మయము పలికిన ఉదారవాక్యము లలో ఆత్రేయి మాట యొకటి.

4. ఆంగ్లపాఠశాల, తెలుగు హాస్యము

తెలుగుదేశమున ఉన్నతపాఠశాల విద్యార్థి హాస్యపాత్రగా బలముగా నిలిచినది గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కము’తో. ఆ నాటకము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో పెక్కుమార్పులతో వెలువడినది. అందులో పరీక్ష తప్పిన వెంకటేశము ఊరికి చేరగా, తల్లి యెదుట గిరీశమును వాడును అర్థముతో పనిలేని ఇంగ్లీషు మాటలాడుదురు, ఆమె మురిసిపోవును. గేహేశూరునకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానము దొరకదు. కాని రచయిత పిల్లవానిని ద్వేషింపడు. అర్థము కాని పరభాషలో పరీక్ష పెట్టి, నెగ్గనివానిని మొద్దుగా లెక్కించు విద్యావిధానమే ఆ నవ్వునకు లక్ష్యము. గురజాడకు విజయనగరమున సహాధ్యాయియైన గిడుగు రామమూర్తి పంతులు అటుపిమ్మట వాడుకభాష కొఱకు పోరుట ఇచట స్మరింపదగినది.

చిలకమర్తి లక్ష్మీనరసింహము ‘గణపతి’ నవలలో బడి యెగగొట్టి తిరిగినవాడే బడిపంతులై కూర్చుండును. తీర్థకాకము తానే తీర్థమైన వింత అది. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టరు పార్వతీశము’ మొదటిభాగము 1924లో వెలువడినది. మొగలితుఱ్ఱు వాడగు పార్వతీశము ఉన్నచోటి చదువును విడిచి సీమచదువునకు బయలుదేరిన ఖట్వారూఢుడు. అయితే ఈ కథను చెప్పువాడు పార్వతీశమే. తన తెలివితక్కువతనమును తానే దాచక చెప్పుకొనుటచే, పాఠకుడు వానిని చూచి నవ్వుట మాని వానితో కలసి నవ్వును. తెలుగు హాస్యమున ఇది గొప్ప మలుపు.

స్వీయచరిత్రలు ఈ మార్గముననే నడచినవి. టంగుటూరి ప్రకాశము పంతులు ‘నా జీవితయాత్ర’లో తల్లి పూటకూళ్ళయిల్లు నడిపి తన్ను చదివించిన సంగతిని, తన చిన్ననాటి ఆకతాయితనమును మఱుగుపఱచలేదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘అనుభవాలూ-జ్ఞాపకాలూనూ’ గురుకులవాసపు నిత్యజీవనమును కన్నులకు కట్టించినది.

వారములు చేసికొని చదివిన విద్యార్థి ఈ కాలపు హాస్యమునకు ముఖ్యనాయకుడు. ఏడు దినములకు ఏడిండ్లు కుదుర్చుకొని, దినమునకొక యింట భోజనము చేయుచు చదువుకొనుట నాటి ఆచారము. ఇల్లాలి ఓపికను బట్టి వడ్డన. వడ్డనను బట్టి నాటి చదువు. వీడే మన ఓదనపాణినీయుడు. ప్రాచీనకాలమున బయటివాడు వానికి పేరుపెట్టగా, ఇరువదవ శతాబ్దిలో వాడే కలము పట్టుకొని తన యాకలిని గూర్చి తాను నవ్వినాడు. ఉదాత్తస్వరము అన్నము మీదనే నిలిచినను, పలుకు గొంతు మాఱినది. క్షేపము పరిహాసమగుటకు ఆ మార్పు చాలును.

సతీర్థ్యస్నేహమునకు తిరుపతి వేంకటకవులు పరమోదాహరణము. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950) ఇరువురును చర్ల బ్రహ్మయ్యశాస్త్రి వద్ద చదివిరి. పండితులకు మీసములేల యని యడిగినవారికి, సంస్కృతాంధ్రములలో తమను గెలిచినచో తీసివేయుదుమని వారిచ్చిన పద్యసమాధానము లోకవిదితము. తమ వేషమునే హాస్యవస్తువుగా చేసికొని, దానినే పందెముగా నిలుపుట వారి సొమ్ము. తిరుపతిశాస్త్రి గతించిన పిమ్మటను వేంకటశాస్త్రి తన రచనలకు జంటపేరునే ఉంచెను. బందరు హిందూ ఉన్నతపాఠశాలలో వేంకటశాస్త్రి శిష్యుడైన వారిలో విశ్వనాథ సత్యనారాయణ యొకడు.

5. రసమర్యాద

నాట్యశాస్త్రము ఆఱవ యధ్యాయమున హాస్యమునకు విభావములుగా వికృతవేషము, ధార్ష్ట్యము, చాపల్యము, అసంబద్ధప్రలాపము, అంగవైకల్యదర్శనము, దోషములను ఉదాహరించుట మున్నగునవి చెప్పబడినవి. తాను నవ్వునపుడు ఆత్మస్థము, పరుని నవ్వించునపుడు పరస్థము. నవ్వులు ఆఱు: స్మితము, హసితము ఉత్తములవి, విహసితము, ఉపహసితము మధ్యములవి, అపహసితము, అతిహసితము అధములవి. ఇట భరతుడు నవ్వుబడు వానిని తరగతులుగా విభజింపలేదు, నవ్వువానిని విభజించినాడు. అంగవైకల్యము విభావపట్టికలో నున్నంత మాత్రమున దానిని చూచి పగలబడి నవ్వువాడు ఉత్తముడు కాజాలడు. కుంటితనమును, నల్లదనమును, కులమును, తండ్రి వృత్తిని పట్టి పెట్టిన పేర్లు తరగతి గదిలో ఎంతగా నవ్వించినను, అవి క్షేపకోటిలోనివే. తోడివాడు ఆ పేరును యాబదియేండ్ల పిమ్మట తానే నవ్వుచు చెప్పుకొనగలడా యనునది దీనికి పరీక్ష.

6. సరిహద్దు సీమ సాక్ష్యము

ఈ విషయమున జహీరాబాదు వంటి సరిహద్దు సీమ మంచి పాఠము చెప్పుచున్నది. 1956 వరకు ఈ తాలూకా హైదరాబాదు రాష్ట్రపు బీదరు జిల్లాలోనిది. ఆ సంవత్సరము ఆంధ్రప్రదేశమున మెదకు జిల్లాలో చేరి, 2014లో తెలంగాణ రాష్ట్రమునకును, 2016లో సంగారెడ్డి జిల్లాకును వచ్చినది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును ఇట వినబడును. పుస్తకము వదలని పిల్లవానిని తెలుగువాడు ‘పుస్తకాల పురుగు’ అనును. కన్నడిగుడు ‘పుస్తకద హుళు’ అనును. మరాఠీవాడు ‘పుస్తకీ కిడా’ అనును. ఉర్దూవాడు ‘కితాబీ కీడా’ అనును. భాషలు నాలుగైనను పురుగు ఒక్కటే. మేడిపండులోని పాణినీయకృమికి ఇవి దాయాదులు. ఎవనిని ఏ భాషలో నవ్వినను ప్రక్కవానికి తెలిసిపోవును గనుక, ఇట్టి బడిలో చాటుమాటు క్షేపమునకు తావు తక్కువ.

నైజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును బోధనభాష అదియే. తెలుగు పిల్లలు ఖానగీ బడులలో, ఇండ్లలో తమ భాషను నిలుపుకొనిరి. ఆ దశలో తెలంగాణమున తెలుగుకవులు పూజ్యమను క్షేపము వినవచ్చెను. సురవరము ప్రతాపరెడ్డి దానికి కోపవాక్యముతో బదులు చెప్పలేదు, లెక్క చెప్పినాడు. 1934లో వెలువడిన ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవులు కానవచ్చిరి. క్షేపము ఒక సమూహమును సున్నగా చూపును. స్మరణము ఒక్కొక్కరిని పేరుతో లెక్కించును. పట్టాలకెక్కని సహాధ్యాయుల విషయమునను ఇదియే న్యాయము. పరీక్ష తప్పినవాడు, నడుమ మానినవాడు, ఆకలికి ఓర్వలేక ఊరికి మరలినవాడు ఏ జాబితాలోను నిలువరు. పాతమిత్రుడు నవ్వుచు చెప్పిన ఒక ముచ్చటలో నిలుతురు.

7. ఉపసంహారము

తెలుగువారు సతీర్థ్యహాస్యమునకు పెట్టిన మాఱుపేరు పరమానందయ్య శిష్యులు. పన్నెండుగురు శిష్యులు ఏఱు దాటిరి. ఆవలిగట్టున ఒకడు లెక్కపెట్టగా పదునొకండుగురే తేలిరి. మఱియొకడు లెక్కపెట్టెను, మరల పదునొకండుగురే. ఏటిలో ఒకడు పోయెనని అందఱును ఏడ్చిరి. ప్రతివాడును తోడివారిని లెక్కించి తన్ను మఱచెను. వేదాంతులు ఈ కథనే దశమపురుష దృష్టాంతముగా గ్రహించి, పదవవాడవు నీవే యని ఆప్తుడు తెలుపుటను ఆత్మోపదేశమునకు ఉపమానముగా జెప్పిరి.

సహాధ్యాయుల హాస్యచిత్రణమునకును ఈ లెక్కయే ప్రమాణము. ద్రుపదుడు తన్ను విడిచి లెక్కించెను. కుచేలుని అటుకులు లాగికొన్నవాడును, తన యాకలిని తానే వ్రాసికొన్న వారాలవిద్యార్థియు, తనకథ తానే చెప్పుకొన్న పార్వతీశమును తమ్మును కలుపుకొని లెక్కించిరి. తుది తరగతివారి వీడుకోలు సభలలో పిల్లలు ఒకరినొకరు నవ్వుకొనుచున్నప్పుడు అధ్యాపకుడు వారింపవలసిన పని లేదు. నవ్వుచున్నవాడు పన్నెండవవానిని లెక్కలో చేర్చెనా యని మాత్రము చూడవలెను. చేర్చినచో ఏటిలో ఎవడును పోలేదు.